గోడతో మాట్లాడే మనిషి

"మూడో పంజరంలో ఎలుకలు మేత తగ్గించాయండీ."

"రాసుకోండి," అన్నాడతను, గోడకేసి చూస్తూ.

"మాట్లాడేది నాతోనా, గోడతోనా?" కస్సుమంది ఆమె.

ల్యాబ్‌లో మందు కలిపే ఆ ఫార్మసిస్టు ఉలిక్కిపడ్డాడు. చూపు గోడ మీంచి గడియారం మీదికి మార్చాడే తప్ప ఆమె వైపు తిప్పలేదు.

తన బామ్మ మోకాళ్ల నొప్పులకి రోజూ తాగే ఆకు కషాయం మీదే ఆమె పరిశోధన. ఆకు సారం ఎలుకలకి పట్టించి, హాని ఉందో లేదో చూడాలి. బామ్మకి ఇదంతా వేళాకోళం. "ఇన్నేళ్లు తాగి నేను బతికే ఉన్నాగా! మళ్లీ ఎలకల్ని అడగడం దేనికే?" అంటుంది. నొప్పి ఎక్కువైన రోజు రెండో గ్లాసు కూడా లాగించేస్తుంది.

ఏ పంజరానికి ఎంత మందు, దేనికి ఉత్త నీళ్లు అన్నది ఆమెకి తెలియకూడదు. తెలిస్తే కళ్లు తమకి కావలసిందే చూస్తాయట! తెలిసింది అతనొక్కడికే.

మొదట్లో ఎంత బాగుండేవాడు! టీ తాగుతూ నవ్వించేవాడు. వానొస్తే గొడుగు ఆమెకిచ్చి తాను తడిసేవాడు. మూడో పంజరం డీలాపడ్డప్పటి నుంచీ మొహం చాటేశాడు. ఆమె కాలుకాలిన పిల్లిలా ఎలుకల గది చుట్టూ తిరుగుతోంది. ఈ దిగులు ఎలుకల కోసమో, అతని కోసమో ఆమెకే తేలడం లేదు.

"నేనేం తప్పు చేశానండీ?"

"ఏం లేదండీ. శుక్రవారం దాకా ఆగండి," అన్నాడు గడియారంతో.

శుక్రవారం గైడ్ మేడమ్ ఎదుట, ఏ పంజరానికి ఏ మోతాదో దాచిన కోడ్ విప్పారు. మూడో పంజరానికి పడింది అన్నిటికంటే పెద్ద మోతాదు. వాటి లివర్ దెబ్బతింది. బామ్మ రోజూ తాగే గ్లాసుపాటి మోతాదు పడిన ఎలుకలు మాత్రం గుండ్రాళ్లలా ఉన్నాయి.

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. "బామ్మా, ఒక్క గ్లాసే! రెండోది ముట్టుకున్నావంటే ఊరుకోను," అంటూనే ఏడ్చేసింది.

బయట వాన దంచుతోంది. అతను గొడుగు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నాళ్లకి సూటిగా ఆమెనే చూశాడు.

"మీకు ముందే తెలుసు కదా?"

"తెలుసండీ. మీ వైపు చూస్తే నా మొహమే చెప్పేస్తుంది. చిన్నప్పట్నుంచీ మా అమ్మ దగ్గర ఒక్క అబద్ధం దాచలేకపోయాను."

"నేనేమో నా మీద కోపం అనుకున్నాను."

"కోపమా! మీ మీదా?" అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె కళ్లు తుడుచుకుని ఆ మొహంలోకి తేరిపార చూసింది. నిజమే, అందులో ఏదీ దాగలేదు.

"సరే, నోటితో కూడా చెప్పండి," అంది. "ఈసారి గోడతో కాదు."