ఉడుత కోసం తీసిపెట్టిన తలుపు

తప్పు పాస్‌వర్డ్!

ఎర్రటి అక్షరాలు ఫోన్ మీద మూడోసారి కనబడ్డాయి. తాళాలమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఒక్కో అక్షరాన్నీ పైకి పలుకుతూ మళ్లీ కొట్టింది. ‘ఉడుత’ అని ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కనే కూతురు పుట్టిన సంవత్సరం. మూడేళ్లుగా రోజూ మధ్యాహ్నం కొడుతున్నదే కదా... తప్పెలా అవుతుంది?

తప్పు పాస్‌వర్డ్!

వంటగదిలో గోడకు ఆనుకుని అలాగే నేలమీద కూలబడిపోయింది. “తలుపేసేసింది... నా తల్లి నా మొహం మీద తలుపేసేసింది!” అని వెక్కివెక్కి ఏడ్చింది. ముందు గదిలో తాళంచెవులు కోసే మిషన్ గీమని అరుస్తోంది. ఈ ఏడుపు ఎవరికి వినబడుతుంది? అయినా ఈ ఇంట్లో ఆమె ఏడుపు ఎవరికి వినబడింది గనక!

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు. భర్త తాళాలు బాగుచేస్తాడు కాబట్టి ఆయన తాళాలాయన, ఈవిడ తాళాలమ్మ. ముందు గదే కొట్టు. ఆయన కోసిన తాళంచెవి అంచుల్లో మిగిలిన గరుకును ఆకురాయితో రుద్ది నున్నగా చేయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్లుగా రుద్దుతోంది. వేలిముద్రలు అరిగిపోయి ఇప్పుడు ఫోన్ కూడా ఆమె వేలిని గుర్తుపట్టదు. ఊళ్లో సగం ఇళ్లు ఆమె రుద్దిన చెవులతోనే తెరుచుకుంటాయి. ఆ సంగతి ఎవరికైనా పట్టిందా? లేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు. కుదురుగా కూర్చోదని తండ్రే దానికి ఉడుత అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధి కుక్కకు కూడా తెలుసు. ఒళ్లో కూర్చోబెట్టుకుని సన్నటి తీగతో తాళం ఎలా తీయాలో నేర్పించింది ఆయనే. అది పెరిగింది, కంప్యూటర్ ఆటల్లో పడింది. ఐదుగురి జట్టులో చేరింది, పోటీల్లో గెలవడం మొదలుపెట్టింది. ‘ఇదే నా పని నాన్నా’ అంది.

“ఆటలాడ్డం పనా? సిగ్గులేదూ చెప్పుకోడానికి!”

పెద్ద పోటీకి వేరే ఊరు వెళ్లాల్సిన ముందురోజు ఆయన ఏం చేశాడో తెలుసా? కన్నకూతురి గదికి బయటినుంచి తాళం వేశాడు! కొట్టులోకెల్లా బరువైన తాళం. పొద్దున లేచి చూస్తే తాళం గడియకు వేలాడుతోంది. విరగలేదు, ఒక్క గీత కూడా పడలేదు. తలుపు పక్క కిటికీలోంచి చెయ్యి చాపి తీగతో తీసినట్టుంది, ఊరికే తెరుచుకుని వేలాడుతోంది. గది ఖాళీ!

ఆయన మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోరోజు నోరు తెరిచి, “దానికి ఫోన్ చేశావంటే నా శవాన్ని చూసినట్టే” అని భార్యతో ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు పెట్టించుకుని ఆయన హాయిగా మిషన్ ముందు కూర్చున్నాడు. దాన్ని మోయాల్సింది ఎవరు? ఆవిడే! ఈ కథ చదివే అమ్మల్లారా, మీకు కోపం రావట్లేదూ? రావాలి!

ఒట్టు ఫోన్ మీదే కదా... తోట మీద కాదు. కూతురు వెళ్లేముందు అమ్మ ఫోన్లో ఒక ఆట పెట్టింది. దాన్లో మొక్కలు నాటొచ్చు, నీళ్లు పోయొచ్చు, చిన్న చెరువు కట్టుకోవచ్చు. ఆ తోట గుమ్మం దగ్గర రాసుకోవడానికి ఒక పలక కూడా ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టింది కూతురే. అంటే ఎప్పుడు మనసు పుడితే అప్పుడు అది ఈ తోటలోకి రాగలదు! ఆ ఒక్క ఆశతో తాళాలమ్మ మూడేళ్లు మొక్కలకు నీళ్లు పోసింది. బల్ల ఒకటి కొని చెరువు ఒడ్డున వేసింది, కూతురు వస్తే కూర్చోడానికి.

‘మీ పాస్‌వర్డ్ బలహీనంగా ఉంది, మార్చండి’ అని ఆట నెలనెలా మొత్తుకునేది. ఆమె ‘తర్వాత’ అని నొక్కేసేది. మార్చేస్తే? పిల్ల వచ్చి తోసి చూస్తే? తెరుచుకోకపోతే? ‘అమ్మ కూడా తాళం వేసింది’ అనుకోదూ!

పక్కింటి కుట్టుపనామె అయితే నవ్వేది. “తాళాల కొట్టు పెట్టుకుని నీ తలుపు బార్లా తీసి పెడతావేంటక్కా! బట్టలమ్మే సైటులోనూ అదే పాస్‌వర్డంట, కరెంటు బిల్లుకీ అదేనంట. మా మిషన్ మూతకైనా ఇంతకంటే గట్టి గొళ్లెం ఉంది!”

“పోన్లేవే. నా తోటలో దొంగలు పడి ఏం ఎత్తుకెళ్తారు, వంకాయలా?” అనేది తాళాలమ్మ.

ఇరవైరోజుల కిందట ఒక మధ్యాహ్నం తోట తెరిచేసరికి పండ్లన్నీ కోసేసి ఉన్నాయి. ఉయ్యాల లేదు. దీపస్తంభాలు లేవు. ఇంకొకరైతే లబోదిబోమనేవారే. ఈ పిచ్చితల్లి ఫోన్‌ను గుండెకు హత్తుకుంది! వచ్చింది... నా ఉడుత వచ్చింది! కావలసినవి తీసుకుంది! తీసుకోనీ, అన్నీ దానివే! పలక మీద ఇలా రాసింది. ‘అమ్మలూ, నువ్వేనా?’

మర్నాడు కింద ఒక్క మాట ఉంది. ‘అవును.’

ఆ ఒక్క మాటను ఆవిడ ఎన్నిసార్లు చదువుకుందో! ఆరోజు ఆకురాయి పట్టుకుని రుద్దుతూ తనలో తనే నవ్వుకుంటుంటే, “ఏంటే, ఏమైంది నీకు?” అన్నాడాయన. “ఏం లేదండీ, దుమ్ము” అంది. కళ్లలో దుమ్ము పడితే ఎవరైనా నవ్వుతారా? ఆ మాత్రం కూడా పట్టించుకోలేదాయన.

ఇక రోజూ ఉత్తరాలే. ‘తిన్నావా అమ్మలూ? నీ గది రోజూ ఊడుస్తున్నా. నాన్నకు నడుం నొప్పి. నీ మీద ఆయనకు కోపం కాదే, పౌరుషం...’ ఇలా పలక నిండిపోయింది. అటునుంచి ‘అవును’, ‘సరే’, ‘బాగున్నా’. మాటలు పొదుపయ్యాయి గానీ, పిల్లే కదా! చివరికి ఒకరోజు కాస్త పొడుగ్గా వచ్చింది. ‘నీ ఫోన్‌కి ఆరంకెలు వస్తాయి. ఇక్కడ రాయి. అప్పుడు నేను సులువుగా రావచ్చు.’

సులువుగా రావచ్చు! ఇంకేం కావాలి? ఆరంకెలూ రాసేసింది.

మర్నాడే ఇదిగో... తప్పు పాస్‌వర్డ్!

*

రెండురోజులు ఆవిడ నోట్లో ముద్ద పెట్టలేదు. తండ్రి కూతురికి తాళం వేశాడు, కూతురు తల్లికి తాళం వేసింది... మధ్యలో తనేం పాపం చేసింది? అందరి తాళంచెవులూ నున్నగా రుద్దింది, అంతేగా!

మూడోరోజు ఫోన్ మోగింది. తెరమీద ఉడుత! మూడేళ్ల తర్వాత! తీసి “అమ్మలూ...” అనేలోపే అటునుంచి అరుపు.

“ఎందుకమ్మా ఇలా చేశావ్? నాన్న చేయించాడా? నన్ను ముంచేస్తే ఆయనకు చల్లగా ఉంటుందా?”

“ఏం చేశానే తల్లీ నేను?”

“ఏం చేశావా! నా ఖాతా పోయిందమ్మా! పోటీలో నా పేరు, నా గెలుపులు, నా జట్టు, అన్నీ అందులోనే ఉన్నాయి! నువ్వు అంకెలు అడిగావ్, నేను పంపాను. మర్నాటికి నా తలుపే తెరుచుకోలేదు! వచ్చేవారం పోటీ. అది లేకపోతే నన్ను కూర్చోనివ్వరు కూడా!”

“నేనడిగానా? నువ్వేకదే నన్ను అంకెలడిగింది! తోటలో పలక మీద... పండ్లు కోసుకుని... ఉయ్యాల తీసుకుని...”

“ఏ ఉయ్యాల? ఏ పలక?” కూతురి గొంతు తగ్గింది. “అమ్మా... నేను నీ తోటకి ఒక్కసారి కూడా రాలేదు.”

ఒక్కసారి కూడా... మూడేళ్లు నీళ్లు పోసింది. బల్ల వేసింది. ఎవరికోసం?

“మరి నేను అంకెలడిగానన్నావ్, అదెక్కడ?” అంది తాళాలమ్మ.

“నీ తోట ఖాతా నుంచి నా ఆట ఖాతాకు మెసేజ్ వచ్చిందమ్మా, రెండూ ఒకే కంపెనీవి కదా. ‘తిన్నావా అమ్మలూ’ అని. నన్ను అలా పిలిచేది నువ్వొక్కదానివే. అది చూసి నేను... నేను రోడ్డు మీదే ఏడ్చేశా. తర్వాత ‘ఆట తెరుచుకోవట్లేదు, నీ ఫోన్‌కి అంకెలొస్తాయి, పంపు’ అని ఉంటే ఇంకేం ఆలోచించలేదు. కొత్తగా చేరే పిల్లలకు ఆ అంకెలు ఎవరికీ చెప్పొద్దని చెప్పేదాన్నే నేను! నేనే చెప్పేశా!”

“తిన్నావా అమ్మలూ... ఆ మాట నాదేనే. పలక మీద నేను రాసిందే...”

చూశారా! తల్లీ కూతురూ ఒకరితో ఒకరు మాట్లాడుతున్నామనుకుని మురిసిపోయారు. ఇద్దరితోనూ మాట్లాడింది ఒక్కడే, మొహం కూడా తెలియని దొంగ! తల్లి మాట ఎత్తుకెళ్లి కూతురి దగ్గర ఖర్చుపెట్టాడు. వాడికి తాళం తీసే విద్య కూడా అక్కర్లేకపోయింది. ఆ బట్టల సైటును ఎవరో దోచుకున్నప్పుడు బయటపడిన పాస్‌వర్డే ఈ తోటకూ సరిపోయింది. మిగిలిన పని ఈ ఇంట్లోని మౌనమే చేసిపెట్టింది! రోజూ ఫోన్లో మాట్లాడుకునే వాళ్లయితే ఈ మోసం సాగేదా?

ముందు గదిలో మిషన్ ఆగింది. తాళాలాయన గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరు?”

“మన ఉడుత.”

“ఒట్టు వేశావ్...”

“నేను చేయలేదండీ, అదే చేసింది. మీరు బతికే ఉన్నారు, కావాలంటే చెయ్యి పట్టి చూసుకోండి!”

ఆయన వెనక్కి వెళ్లాడు గానీ మిషన్ మాత్రం మళ్లీ మొదలవలేదు.

*

కంపెనీకి ఉత్తరాలు రాసి, ఋజువులు చూపించి, కూతురు ఆరురోజులు పోరాడితే రెండు ఖాతాలూ తిరిగొచ్చాయి. పోటీకి ఇక ఒక్కరోజే మిగిలింది. తోట బోడిగా ఉంది. పలక మాత్రం మిగిలింది.

“అన్నీ చదివానమ్మా,” అంది కూతురు ఫోన్లో. “గది రోజూ ఊడుస్తున్నావని తెలీదు... నన్ను మర్చిపోయావనుకున్నా.”

కూతురు ముక్కు చీది, గొంతు గట్టి చేసుకుంది.

“సరే, కొత్త పాస్‌వర్డ్ పెడదాం. నా పేరొద్దు, నీ పేరొద్దు, పుట్టినరోజులొద్దు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు తీసుకుని పొడుగ్గా కలుపు. మధ్యలో అంకెలు, గుర్తులు వెయ్యి. ఇంకెక్కడా ఇదే పెట్టకు, ఒక్కోదానికి ఒక్కోటి. ఫోన్‌కి వచ్చే అంకెలు ఎవరికీ చెప్పకు. నేనడిగినా సరే!”

“నువ్వడిగినా చెప్పకూడదా? అదేం మాటే!”

“నేనడిగితే అది నేను కాదనుకో.”

“మరి నువ్వెలా వస్తావే లోపలికి?” మూడేళ్లుగా గొంతులో అడ్డం పడ్డ భయం అప్పుడు బయటికొచ్చింది.

“పిలుస్తానమ్మా. అమ్మా అని పిలుస్తా. నువ్వే వచ్చి తియ్యి.”

తాళాలమ్మ ఒక్కతే కూర్చుని మాటలు ఏరుకుంది. పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ ఎవరినీ అడక్కుండా, ఎవరి పేరూ కలపకుండా, తనదంటూ ఒకటి పెట్టుకుంది. ఆ మాటలేంటో నాకూ తెలీదు, తెలిసినా చెప్పను.

తర్వాత లేచి సంచి సర్దింది.

“ఎక్కడికి?” అన్నాడు తాళాలాయన.

“ఉడుత దగ్గరికి. రేపు దాని పోటీ.”

“నన్నడిగావా?”

“లేదు. చెప్తున్నా.”

ఆయన బల్లమీది తాళంచెవులను అటూ ఇటూ జరిపాడు. గుమ్మం దాకా వచ్చి, వీధివైపు చూస్తూ అన్నాడు. “ఆ తాళం తీయాలంటే నాకే పావుగంట పడుతుంది. అదెంతసేపట్లో తీసిందో... కనుక్కో.”

“మీరే ఫోన్ చేసి అడగండి. నా మీద ఒట్టేం పెట్టనులే!” అని ఆవిడ చెప్పులు తొడుక్కుంది.

బస్సులో ఏడు గంటలు. పక్క సీటు ఖాళీ. బయలుదేరానన్న మాట పిల్లకు చెప్పాలో వద్దో తోచక రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ లోపల పెట్టింది. మూడేళ్లలో పిల్ల ఎంత మారిందో! తనను చూసి నవ్వుతుందా, మొహం తిప్పుకుంటుందా? ఎక్కడో ఒకచోట దిగిపోదామా అనిపించింది కూడా.

కూతురు ఫోన్లో ఆనవాళ్లు చెప్పిన గది మూడో అంతస్తులో. తట్టగానే తలుపు తెరుచుకుంది. ఒక చెవి మీంచి జరిపిన పెద్ద హెడ్‌ఫోన్లు, కళ్ల కింద నలుపు, భుజాలు ఎముకలు తేలి... తల్లిని చూసి చటుక్కున చెయ్యి పట్టుకుంది.

“అమ్మా! పోటీ మొదలైందమ్మా... నలభై నిమిషాలు! మధ్యలో వదిలేస్తే నలుగురు మునుగుతారు...”

“పని చూసుకో తల్లీ,” అంది తాళాలమ్మ.

ఆ పిల్ల ఒక్క క్షణం కదల్లేదు. పని! ఈ మాట కోసమే కదా అది ఇల్లొదిలింది! కళ్లు తుడుచుకోడానికి కూడా తీరిక లేదు. పరుగున వెళ్లి కుర్చీలో కూర్చుంది.

గదిలో ఇంకో కుర్చీ లేదు. తల్లి మంచం అంచున కూర్చుంది. తెరమీద ఏం జరుగుతోందో ఆవిడకు ముక్క అర్థం కాలేదు. కూతురు ఎవరెవరినో హెచ్చరిస్తోంది, ఎవరికో ధైర్యం చెబుతోంది. వాళ్లెవరో తల్లికి తెలీదు. తను లేని మూడేళ్లు ఆ గొంతులో వినబడుతున్నాయి. వెనకనుంచి కనబడేది ఒక సన్నటి వీపు, దువ్వని జుట్టు, రెక్కల్లా కొట్టుకుంటున్న రెండు చేతులు. లేచి ఆ తలమీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారంలో ఇంకా ముప్పైరెండు నిమిషాలు ఉన్నాయని చూసుకుని, ఆ వీపునే చూస్తూ కూర్చుంది.