పాట ఉంది, పాడేవాడేడీ?

“వైఫ్ కోసమా? కూర్చోండి బాబూ, చీరలు తీయిస్తాను,” అన్నాడు పెడనలో కలంకారీ కొట్టు శంకరరావు.

సాత్విక్‌కు చెమట పట్టింది. “వైఫ్ కాదండీ, హైఫై! సొంతంగా స్పీకర్లు తయారుచేసుకుంటున్నాను. వాటి మొహానికి కట్టడానికి పల్చటి గుడ్డ కావాలి.”

అంటూనే ఓ ముక్క నోటికి ఆనించి ఊదాడు. గాలి దూరిన గుడ్డలోంచే పాటా దూరుతుంది.

“నాన్నా, ఈయన మన గుడ్డకి ముద్దు పెడుతున్నారు!” అంది శంకరరావు కూతురు వాణి.

అక్కడితో అయిపోయాడు సాత్విక్. చల్లపల్లి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అతనికి రెండు స్పీకర్లకు రెండు ముక్కలు చాలు. మూడు నెలల్లో పదకొండు కొన్నాడు. ఊదడం పేరుకే, ఊపిరాడనిది మాత్రం వాణిని చూడకపోతేనే.

పదకొండో ముక్క కత్తిరిస్తూ వాణి గొంతు తగ్గించింది. “గుడివాడ సంబంధం వాళ్ళకి సోమవారం మాటిచ్చేస్తారట నాన్న. మీ పెట్టెలు పాడేదెప్పుడు, మీరు నోరు విప్పేదెప్పుడు?”

“ఇంకా కొంచెం ట్యూనింగ్...”

“ఆదివారం మా ఇంటికి తెచ్చి మోగించండి. తర్వాత నాన్నతో మీరే మాట్లాడాలి.”

శనివారం అన్నం సహించలేదు. పెట్టిన టంకమే మళ్ళీ పెట్టాడు. ఆంప్లిఫయర్ కన్నా ముందు తనే వేడెక్కాడు.

ఆదివారం ఆటో బందరు దాటగానే చినుకులు. గొడుగు పెట్టెలకు పట్టి తను తడిశాడు. వాణి వాళ్ళింట్లో తీగలు బిగిస్తుంటే ఆమె కాఫీ తెచ్చింది. అతని చేతులు తీగల మీద, కళ్ళు వాణి మీద.

పాట మొదలైంది. గాయకుడు పక్కవీధిలో పాడుతున్నట్టుంది.

“బానే ఉందండీ,” అన్నాడు శంకరరావు మర్యాదకి.

“ఏం బావుందిరా?” అంది ఆయన తల్లి సుబ్బులమ్మ. “వయొలిన్లు ఆ మూలా ఈ మూలా ఉన్నాయి. పాట ఉంది, పాడేవాడేడీ?”

సాత్విక్ గభాల్న వంగి ఎడమ పెట్టె వెనక చూశాడు. ఎర్రతీగ చోట నల్లతీగ! పిల్లలు ఈ తప్పు చేస్తే మార్కులు కోసేవాడు. తీగలు మార్చాడు. గాయకుడొచ్చి గది నడిమధ్యన కూర్చున్నాడు. సుబ్బులమ్మ కళ్ళు మూసుకుంది.

“ఇందాక ఏమైందండీ?” పాట అయ్యాక శంకరరావు అడిగాడు.

“ఒక తీగ తిరగేసి పెట్టానండీ. ఒక పెట్టె ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగింది. నడుమ గొంతు మాయమైంది.”

“ఫిజిక్స్ మాష్టారు మీరు! ఎలా పొరపాటు పడ్డారు?”

ఈసారి మాయమైంది సాత్విక్ గొంతే. తెల్లారితే సోమవారం.

“మీ అమ్మాయిని చూస్తూ పెట్టానండీ,” అనేశాడు. “మూడు నెలల్నించీ చూస్తూనే ఉన్నాను. పదకొండు ముక్కలూ అందుకే కొన్నాను. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటానండీ.”

శంకరరావు కూతురివైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“తీగ తప్పు పెట్టడం చూశాను నాన్నా.”

“మరి చెప్పలేదేం?”

“ఎటు చూస్తూ పెట్టారో అదీ చెప్పాల్సొస్తుంది కదా!”

శంకరరావు చాలాసేపు చెవి గోక్కున్నాడు. “మొదటిరోజే నాకు వైఫ్ అని వినబడింది. ఇంట్లో అందరూ నా చెవులకే వంక పెట్టారు.”

“నీ చెవుల గొడవ తర్వాత,” అంది సుబ్బులమ్మ. “ముందు గుడివాడకి ఫోన్ చెయ్యి. అబ్బాయ్, నువ్వు ఆ పాట మళ్ళీ మొదట్నించీ పెట్టు. ఇందాక సగం కంగారులోనే పోయింది.”