చుక్కల పటం

"మాస్టారూ, ఈ కొండలన్నీ ఆకుపచ్చగా ఎందుకున్నాయి?"

బడి గోడ మీద పటానికి రంగులేస్తున్న డ్రాయింగ్ మాస్టారు నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. కొత్తగా వచ్చిన సోషల్ టీచరు. చేతిలో స్కేలు, కళ్ళలో కోపం.

"కొండల మీద చెట్లుంటాయి కదండీ."

"భౌతిక పటంలో ఆకుపచ్చంటే చెట్లు కాదు, పల్లపు నేల. ఎత్తు పెరిగేకొద్దీ పసుపు, ఆ తర్వాత గోధుమ రంగు. మీ గోడ చూస్తే పిల్లలు కొండ కొన మీద ఫుట్‌బాల్ ఆడొచ్చనుకుంటారు."

"వారమంతా కష్టపడి వేశానండీ."

"బొమ్మ బాగుంది. పటమే బాగాలేదు."

నవ్వు ఆపుకుంటున్న ఆరో తరగతి పిల్లల ముందు మాస్టారి పరువు రంగు నీళ్ళలో కలిసింది.

గోడకి మళ్ళీ రంగులు వేశాడు. ఇంకోసారి ఇలా జరగకూడదని, ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, ఆమె క్లాసు కిటికీ బయట నిలబడి పాఠం వినడం మొదలుపెట్టాడు. సరిహద్దులు, రాజధానులు చూపేది రాజకీయ పటం. కొండలు, నదులు చూపేది భౌతిక పటం. వాన గురించో, పంట గురించో, జనం గురించో ఒక్క సంగతే చెప్పేది విషయ పటం.

"ఏ పటమైనా ముందు పేరు చదవండి. తర్వాత మూలనున్న సూచిక చూడండి. సూచిక చూడకుండా పటం చదివేవాళ్ళు, ముఖం చూసి మనసు తెలిసిపోయిందనుకునే రకం," అనేది టీచరు.

కిటికీ బయట మాస్టారు గొంతు సవరించుకునేవాడు.

వాన పడ్డా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు."

"పర్లేదండీ. వర్షపాతం పటం కదా, ప్రాక్టికల్‌గా వింటున్నా."

పుస్తకం అడ్డం పెట్టుకుని ఆమె నవ్వడం పిల్లలు చూశారు. అతను చూడలేదు.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. సెలవులో ఉన్న టీచరు వచ్చే వారం తిరిగి వస్తోంది. ఈమెకు వేరే ఊళ్ళో పక్కా ఉద్యోగం దొరికింది. పిల్లల పటాల ప్రదర్శన అయిన మర్నాడే ప్రయాణం. ఆ మాట విన్న దగ్గర్నుంచి మాస్టారికి తిండి సహించలేదు. కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండానే వాళ్ళమ్మ సంగతి పసిగట్టింది.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే కంచంలో వేలితో బొమ్మలెందుకు గీస్తున్నావు? ఆ అమ్మాయికి చెప్పావా లేదా?"

"ఎట్లా చెప్పను? ఆమె దృష్టిలో నేను కొండకి రంగు తెలియనివాణ్ణి. కాదంటేనో?"

"కాదంటే కాదంటుంది. నోట్లో నాలుక పెట్టుకుని కిటికీ పట్టుకు వేలాడితే ఏం లాభం? రేపు నేనూ వస్తా చూడ్డానికి."

"పటాలనా?"

"పటాలనే."

ప్రదర్శన గదిలో గోడల నిండా పిల్లలు బడి గురించి వేసిన విషయ పటాలు. ఏ వేళకి నీడ ఎక్కడ పడుతుంది, ఏ మూల గోల ఎక్కువ. రెండు జడల పిల్ల తన పటం ముందు నిలబడి మాస్టారి వాళ్ళమ్మని పిలిచింది.

"అమ్మమ్మా, నాది చూడండి. 'ఖాళీ పీరియడ్లో ఎవరెక్కడ'. ముందు సూచిక చూడాలి. ఎర్ర చుక్క డ్రాయింగ్ మాస్టారు. కనిపించినప్పుడల్లా ఒక చుక్క పెట్టాను."

ఎర్ర చుక్కలన్నీ బెల్లం చుట్టూ చీమల్లా ఒక కిటికీ దగ్గరే మూగి ఉన్నాయి.

సోషల్ టీచరు వంగి చూసి నవ్వింది. "ఇక్కడ జనసాంద్రత మరీ ఎక్కువగా ఉందే మాస్టారూ."

"పాఠం వినడానికండీ," అన్నాడతను, ఆ చుక్కల రంగుకి తిరుగుతూ.

"టీచర్, ఆకుపచ్చ చుక్కలు మీవి," అంది పిల్ల.

టీచరు నవ్వు ఆగిపోయింది. ఆకుపచ్చ చుక్కలు వరండా ఆ చివర, డ్రాయింగ్ గది పక్క కుళాయి దగ్గర గుంపుగా ఉన్నాయి.

హెడ్ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. "నీ క్లాసు పక్కనే కుళాయి ఉందిగా?"

"ఆ చివర నీళ్ళు చల్లగా ఉంటాయి మేడమ్."

"రెండింటికీ ఒకటే ట్యాంకమ్మా."

అమ్మ మాత్రం నవ్వలేదు. టీచరు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అమ్మాయ్, నా చదువు మధ్యలోనే ఆగిపోయింది. పటాలు చూడ్డం రాదు. ఈ పిల్ల చెప్పినట్టు చూస్తే నాకొకటి అర్థమైంది. సరిగ్గానే చదివానా?"

టీచరు తల వంచుకుంది. "సూచిక చూసే చదివారు కదండీ. సరిగ్గానే చదివారు."

ఇక మాస్టారికి దాచడానికేమీ మిగల్లేదు. "మీరంటే నాకిష్టమండీ. పాఠం వట్టి సాకు. కానీ మీరు వెళ్ళిపోతున్నారు."

"ఉద్యోగం మాత్రం వదలను."

"వదలమని ఎవరన్నారు? ఎంత దూరమో చెప్పండి చాలు."

ఆమె రోడ్ల పటం తెచ్చి బల్ల మీద పరిచింది. అతను స్కేలు అందుకోబోతే చేయి పట్టుకుని ఆపింది.

"దారి వంకరగా ఉంటే స్కేలుతో కొలవకూడదు. దారం పరిచి కొలవాలి."

అమ్మ చేతిసంచిలోంచి దారపుండ తీసి ఇచ్చింది. ఒక కొస ఆమె వేలి కింద, ఇంకో కొస అతని వేలి కింద. మలుపు మలుపుకీ దారాన్ని సర్దుతూ పోయారు. తర్వాత దాన్ని తిన్నగా లాగి, పటం అడుగునున్న కొలబద్ద పక్కన పెట్టారు. ఎవరి కొస వాళ్ళు వదల్లేదు.

"బస్సులో గంటన్నర," అందామె.

"ఇంతేనా? ప్రతి ఆదివారం వచ్చేస్తా."

"నేనూ బయల్దేరానంటే? మధ్యదారిలో బస్సులు ఒకదాన్నొకటి దాటుకుపోతాయి."

"ఇద్దరూ ఆగండి," అంది అమ్మ, సంచి మూతి కట్టుకుంటూ. "మీ అమ్మగారి ఫోన్ నంబరివ్వు తల్లీ. మొదటి ఆదివారం బస్సెక్కేది నేను."