పీర్ల కొట్టం కాడ పిలుపు

కర్దనూర్ల పీర్ల కొట్టం దిక్కు చీకటి పడ్డంక ఎవలూ పోరు. రెండేండ్ల సంది గంతే.

తెలువనోళ్లు ఆ పిలుపు బాయి కాడ అంటరు. ఇంకొకలు తాటిచెట్ల కాడ అంటరు. అన్నీ తప్పు. మందుగోలీల కంపిని ఎనుక గోడకు, ఊరికి నడుమ మోరి పారుతది, మందుల కంపు కొడ్తది. ఊరికెల్లి ఆ మోరి దాటంగనే మట్టిగోడల కొట్టం, మీద రేకులు, తలుపుకు ఇంత లావు తాళం. గక్కడ. చెప్తే సక్కగ చెప్పాలె, లేకుంటె నోరు మూసుకోవాలె.

ఆడ ఎవలో ఆడమనిషి పిలుస్తదని పేరు వడ్డది. ఎవల్ని పిలుస్తదో ఒక్కడు సరిగ చెప్పకపోయె. ఆ దారెంట నడిచేది కిరాయి రూములల్ల ఉండే కంపిని పనోళ్లే. మా ఊరోళ్లం రోడ్డు మీదికెల్లి పోతం. బీహారు పిలగాండ్లైతే "ఉధర్ మత్ జా", అటు పోవద్దు అని ఒకనికొకడు చెప్పుకొని, ముత్తంగి దిక్కు సుట్టు తిరిగి వస్తున్రు. పిలిస్తే పలుకొద్దు... పలికితే ఎంబడి వస్తది — గిదొక్కటి అందరికి తెలుసు.

ఆ తాళం ఎట్ల వడ్డదో ముందుగాల చెప్పాలె.

మా ఊర్ల పీర్లను ఎత్తేది మేమే. సాయిబుల ఇల్లు ఒక్కటే, కొట్టం సూసుకునే ముజావరు మౌలాలిది. ఊదు ఆయన ఏస్తడు, గుండం మేం తవ్వుతం, మలీద ముద్దలు మా ఆడోళ్లు చేస్తరు. మా తాతల కన్న ముందుకెల్లి గట్లనే నడిచింది.

ఊరి ఎలచ్చన్ల ముంగట మా ఊరోడే, జైపాల్ లేచిండు. మనకు దేవుండ్లు లేరా, ఆ పీర్లకు మనం మొక్కుడేంది అని మైకుల మాట్లాడిండు. సదువుకున్నోడు, నోరున్నోడు. పోరగాండ్లు ఎంబడి వడ్డరు. అటు మౌలాలి దగ్గరికి గూడ పట్నంకెల్లి మనుషులొచ్చి, ఇది మన దీనుల, మన మతంల లేదు, ఇడిసిపెట్టు అని చెప్పి పోయిన్రు. రెండు దిక్కులోళ్లూ ఒక్కతీరు మాట్లాడిన్రు, సూడు. ముసలాయన పీర్లను బట్టల సుట్టి, పెట్టెల వెట్టుకొని సంగారెడ్డిల బిడ్డ ఇంటికి పోయిండు. జైపాల్ తాళం ఏసిండు. ఎలచ్చన్లల్ల గెలిచిండు.

ఆనాటి సంది నేను వాని గడప తొక్కలే. నమస్తె కాకా అంటే మొకం తిప్పుకున్న.

ఇగ అనిల్ సంగతి. ఆయనది నారాయణఖేడ్ దిక్కు. గోలీల కంపినిల పని, మా ఊర్ల కిరాయి రూము. జైపాల్ ఎంబడే తిరుగుతుండె. ఇదంత నాకు చెప్పింది ఆయనే. ఏడ్చుకుంట చెప్పిండు, అందుకే నమ్మిన.

పీర్ల నెల, మొహర్రం. ముసురు వట్టింది. అనిల్ డూటీ దిగి, వానల సుట్టు తిరుగలేక మోరి దిక్కే నడిచిండు. కరెంటు లేదు. ముందుగాల వాసన వచ్చింది — మోరి కంపు గాదు... ఊదు వాసన.

తాళం ఏసిన కొట్టం కాడ ఊదు ఎవలేస్తరు?

నిలవడ్డడు.

"ఉసేనూ..."

సన్నగ. పిల్లగాన్ని అన్నానికి పిలిచినట్టు.

"ఉసేనూ... ఉన్నవా బిడ్డా..."

అనిల్ చెప్పులు ఆడ్నే ఇడిసి ఉరికిండు.

జైపాల్ ఇంటి ముంగట అరుగు మీద దోస్తులతోని కూసున్నడు. అనిల్ చెప్తే అందరు నవ్విన్రు. వారీ, పైన వాన, కింద నువ్వే తడుపుకున్నవా అని ఒకడు ఎక్కిరిచ్చిండు. జైపాల్ నవ్వలే, లేచిండు. దయ్యం లేదు గియ్యం లేదు, కొట్టం మల్ల తెరిపియ్యనీకి ఎవలో నాటకం ఆడుతున్నరు, ఇయ్యాల పట్టుకొని ఊరందరికి సూపెడ్త అన్నడు. ఆ ఆడమనిషి ఏ పేరు పిలిచిందో అడుగలే. భయానికి అనిల్ గూడ చెప్పలే.

మోరి దాక అందరు పోయిన్రు. ఆడికెల్లి దోస్తులు ముందుకు కదలలే. జైపాల్ కట్టె వట్టుకొని పోయిండు, ఎనుక అనిల్.

కొట్టం గోడ సాటుకు నిలవడ్డరు. జైపాల్ ఫోను లైటు బందువెట్టిండు. చానసేపు ఏం లేదు. రేకుల మీద వాన... మోరి సప్పుడు... గంతే.

అప్పుడు —

"ఉసేనూ..."

జైపాల్ చేతులకెల్లి కట్టె జారింది.

"ఉన్నవా బిడ్డా... ఒక్కపారి పలుకు..."

అనిల్ ఆయన చెయ్యి వట్టుకున్నడట. ఎవలది అన్నా, అని చెవుల అడిగిండు. జైపాల్ నోరు తెరిచిండు. పలుకుతడనే అనుకున్న తాతా, అన్నడు నాతోని అనిల్. గంతల్నే, మోరి అవుతల పోరగాండ్లు నవ్వింది ఇనవడ్డది. జైపాల్ అటు సూసిండు. కొట్టం దిక్కు సూసిండు. మల్ల అటు సూసిండు.

"దయ్యమే," అన్నడు. "పా."

దయ్యం లేదని సూపెట్ట వచ్చిన మనిషి అన్న మాట గది.

ఆ మాటతోనే పిలుపు ఆగింది. మల్ల రాలే.

తెల్లారి పాలామె సూసింది. కొట్టం గడప మీద, తలుపుకు ఒరిగి కూసొని ఉన్నది బీరమ్మ. జైపాల్ తల్లి. కొంగుల కట్టుకున్న మలీద వానకు కరిగి చీరెకు అంటుకున్నది. గుప్పిట్ల పచ్చ దారం. పానం లేదు.

సావింటి కాడనే అనిల్ నా పక్కకొచ్చి సంగతంత చెప్పిండు. చెప్పి అడిగిండు, ఉసేను ఎవలు తాతా అని.

ఉసేను జైపాలే.

బీరమ్మకు పుట్టినోళ్లు పుట్టినట్టే పోయిన్రు. పీర్లకు మొక్కినంక వీడు దక్కిండు. మొక్కి కన్న పిల్లలకు పీర్ల పేరే పెడ్తం. ఏడాదికొక్కపారి తల్లి కొట్టం బయట నిలవడి, పేరు పెట్టి పిలువాలె. లోపటికెల్లి ముజావరు "ఉన్నడు, తీస్కపో" అని పలికి, పచ్చ దారం చేతుల పెట్టాలె. గప్పుడే ఆ ఏడాదికి పిల్లగాడు తల్లికి దక్కినట్టు. బడిల జైపాల్ అని రాసిన్రు. పెద్దగైనంక వాడు ఆ పేరే ఖాయం చేసుకున్నడు, ఉసేను అంటే కొట్టనీకి వస్తుండె. తల్లిని గూడ అననియ్యలే. ఇయ్యాల రేపు వాని ఎంబడి తిరిగెటోళ్లకు గది ఎట్ల ఎరుక?

తాళం వడ్డంక, పిలిస్తే లోపటికెల్లి పలికెటోడు లేడు. అందుకే చీకటి చూసుకొని పోయి, తనే ఊదేసి పిలిచిందామె, ఎవలన్న పలుకకపోతరా అని. రాత్రిపూట ఎనుక తలుపుకెల్లి పోయినట్టుంది, కోడలు రేఖ ఎరుగనే ఎరుగదు. తాళం వడ్డ ఏడాది బోనాలల్ల నా పక్క నిలవడి బీరమ్మ ఒక మాట అన్నది, ఇప్పుడు అర్తమైంది.

"ఇంట్ల తిని పండేటోడు జైపాలు, అన్నా. నా ఉసేను ఆడ్నే ఉండిపోయిండు."

ఆ రాత్రంత జైపాల్ తలుపు బార్ల తెరిచి గడపల కూసున్నడని రేఖ ఏడ్చుకుంట చెప్పింది. అరుగు మీద దోస్తులు చానసేపు పోలే. వాళ్లు పోయినంక గూడ వాడు లేవలే. వస్తది, తనే వస్తది, అని గొణుక్కుంట కూసున్నడట.

పాడె లేచింది. బీరమ్మ కోసం పోయిన, వాని కోసం గాదు.

దింపుడు కల్లం కాడ దించిన్రు. కొడుకు తల్లి చెవుల పిలువాలె ఆడ. పానం ఏ మూల్నన్న ఉంటె పలుకుతదని. ఆచారం, తప్పొద్దు. ఊరంత సుట్టు నిలవడ్డది. మైకుల వాని మాటలిని చప్పట్లు కొట్టిన పోరగాండ్లు గూడ తలకాయ వంచుకొని నిలవడ్డరు. జైపాల్ కదలడు, మెదలడు.

"పిలువురా," అన్న నేనే. తాళం వడ్డంక వానితోని మాట్లాడింది గప్పుడే.

మోకాళ్ల మీద కూలవడ్డడు. ఆమె చెవి దగ్గర నోరు వెట్టిండు. అవ్వా అని పిలుస్తడని అందరం ఇంటున్నం...

పిలువలే.

"ఉన్ననే అవ్వా," అన్నడు. ఊరంత ఇనేటట్టు అన్నడు. "నీ ఉసేన్ని... ఈడ్నే ఉన్న... ఉన్ననే."

మేమందరం పాడె దిక్కే సూసినం.

బీరమ్మ పలుకలే.