ధనరాజుగారింటి తల్లి జాడీ

అమలాపురంలో డిటెక్టివ్ కృష్ణమోహన్ ఆఫీసు తలుపు పూర్తిగా తెరవకముందే ఒకావిడ తడి గొడుగుతో వచ్చి కుర్చీలో కూలబడింది.

"తల్లి జాడీ పోయిందండి. సాయంత్రం అందరూ వచ్చేస్తారు. నేనేం చెప్పనండి?"

పేరు నాగదుర్గ. రాజోలు దగ్గర లంకలో ధనరాజుగారి కోడలు. ఆ ఇంట్లో తరతరాలుగా కొబ్బరికల్లు గీసి, పులియబెట్టి వెనిగర్ చేస్తారు. ఆ పులుపుకి మూలం ఒక చిన్న జాడీ. దాన్ని ఎప్పుడూ అడుగంటా ఖాళీ చేయరు. తీసినంత కొత్తకల్లు పోస్తారు. ఏటా ఒకరోజు దాయాదులంతా వచ్చి తలో గిన్నెడు పట్టుకెళ్తారు. ఆ రోజు ఇవాళే. కిందటేడు అత్తగారు ఆదిలక్ష్మి జాడీ కాపలా కోడలికి అప్పగించింది. అంతర్వేదిలో పడవలవాళ్ల పిల్లకి అంత నమ్మకమా అని దాయాదులు అప్పుడే మూతి విరిచారు.

"ఏ కంపెనీవాళ్లో ఎత్తుకుపోయుంటారు సార్!" అన్నాడు అసిస్టెంట్ ప్రేమ్ కుమార్. అతనికి ప్రతి కేసులోనూ ఒక కంపెనీ కావాలి.

మధ్యాహ్నం ఇద్దరూ వెనిగర్ కొనేవాళ్లలా లంకకి వెళ్లారు. గోదావరి పొంగుతోందని నిన్నటి నుంచి ఆటోలో మైకు తిరుగుతోంది. ఒకటే ఉక్క. అయినా ధనరాజు ఒంటికి తువ్వాలు చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"కల్లుగీత మానేసేరా?" అని అడిగాడు కృష్ణమోహన్.

"ఆయ్, రెండేళ్లయిందండి. జారిపడ్డాను. ఇప్పుడు మా అబ్బాయి గీస్తాడు, వాడి మోకు వేరేనండి. మళ్లీ ఎక్కితే మోకు పొయ్యిలో పెడతానంది మా ఆవిడ."

మేకుకి వేలాడుతున్న, చెట్టెక్కే ఆ లావుపాటి తాడుని కృష్ణమోహన్ చేత్తో తడిమాడు. వేళ్లకి పచ్చటి పాచి అంటుకుంది.

"ఎనభై ఆరు వరదకి మీ అటక కూడా మునిగిందటగా. జాడీ ఎలా దక్కిందండి?"

"మా నాన్న చూసుకున్నాడండి," అని ముసలాయన మాట మార్చేశాడు.

సాయంత్రం పెరట్లో అందరూ చేరారు. జాడీ కనిపించడం లేదని నాగదుర్గ చెప్పగానే గొడవ మొదలైంది. కృష్ణమోహన్ చెయ్యెత్తాడు.

"జాడీ ఇల్లు దాటలేదండి. రెండేళ్లు వాడని మోకుకి దుమ్ముండాలి. దీనికి పాచి ఉంది. ఇదిగో, ఈ కొబ్బరిచెట్టు మీద పాచి కొత్తగా గీసుకుపోయింది. ఇంత ఉక్కలో ధనరాజుగారు తువ్వాలు చుట్టుకున్నది రొమ్ము మీద చెట్టు గీరిన గీతలు దాచడానికే. అటక మునిగే ఊళ్లో చెట్టెక్కేవాడికి వరదప్పుడు నమ్మకమైన చోటు ఒక్కటే. వాళ్ల నాన్నా అదే చేసుంటారు."

అందరూ తలెత్తారు. మట్టల మధ్య గుడ్డమూట.

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా మావయ్యగారూ!"

"చెప్తే మోకు పోతుందమ్మా. వరద భయానికి ఇవాళ ఎవరూ రారనుకున్నాను. నీ మీదకొస్తుందనుకోలేదు తల్లీ," అంటూ ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

కొడుకు దుర్గాశ్రీనివాస్ ఎక్కి మూట దించాడు. చుక్క ఒలకలేదు. మూతి విరిచినవాళ్లే ముందు గిన్నెలు చాపారు.

ఆదిలక్ష్మి మోకు లాక్కుంది. పొయ్యి వైపు వెళ్తుందనుకుంటే, తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇదీ నీ కాపలాయే. ఆయనకి మాత్రం ఇవ్వకు."

"ఆయ్," అని నాగదుర్గ మావగారి వైపు తిరిగింది.

"పడవ తెరచాప కొయ్యలెక్కి పెరిగినదాన్నండి. నాకు చెట్టెక్కడం నేర్పండి మావయ్యగారూ. ఈసారి వరదొస్తే జాడీ నేనెక్కిస్తాను."