కోర్టుకు వెళ్లని ఒప్పందం

శనివారం ఉదయం జయంతి పెసరట్లు వేస్తూ అత్తగారికి పాఠం చెబుతోంది. పెళ్లికి ముందు విజయవాడలో నాలుగేళ్లు వకీలుగా పనిచేసిన జయంతి, పదమూడేళ్ల తర్వాత మళ్లీ చదువులో పడింది. టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లోని వాళ్ల ఇంటికి అరగంట దూరంలో ఉన్న లా కాలేజీలో ఇంకో పది రోజుల్లో సాయంత్రం క్లాసులు మొదలవుతాయి. ఇంగ్లీషు చట్టంలో ఒప్పందం ఎలా పుడుతుంది, ఎప్పుడు చెల్లుతుంది అన్నది మొదటి పాఠం. అమెరికా చట్టానికీ మూలం అదే కాబట్టి ముందే చదివి రమ్మన్నారు.

అత్తగారు అనురాధమ్మ ఏలూరులో ముప్ఫై ఏళ్లు చీరల కొట్టు నడిపిన మనిషి. ఎవరికైనా పైకి చెబితే తప్ప జయంతికి చదివింది తలకెక్కదు. ఆవిడకేమో ఏదో ఒకటి వింటే తప్ప పొద్దుపోదు. ప్రవేశ పరీక్షకి చదవడం మొదలుపెట్టిన ఏడాదిగా ఇద్దరికీ బాగా కుదిరింది.

కొట్టు అద్దాల్లో చీర తగిలించినంత మాత్రాన అమ్ముతానని మాట ఇచ్చినట్టు కాదని, కొంటానని వచ్చినవాళ్లు అడగాలని, కొట్టువాళ్లు సరేనన్నప్పుడే ఒప్పందమని జయంతి వివరించింది.

"ఈ ముక్క నాకెప్పుడో తెలుసమ్మా. అద్దంలో చీరే కావాలని మంకుపట్టు పట్టినవాళ్లకి ఇదే చెప్పేదాన్ని," అని అనురాధమ్మ నవ్వింది.

ఊరికే ఇస్తానన్న మాటను కోర్టు పట్టించుకోదని, ఇటు నుంచి ఒకటి వెళ్తే అటు నుంచి ఒకటి రావాలని జయంతి చెబుతుండగా ఆమె భర్త శశికాంత్ మేడ దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. సియాటిల్‌లో డైరెక్టర్ పోస్టుకి రాత్రి ఆఫర్ లెటర్ వచ్చిందట. సోమవారంలోగా సంతకం చేసి పంపాలి. సెప్టెంబర్‌కల్లా మారిపోవాలి. కూతురు సాన్వికి అక్కడ మంచి స్కూళ్లున్నాయని, జయంతి కావాలంటే వచ్చే ఏడాది అక్కడే ఏదైనా కాలేజీ చూసుకోవచ్చని గబగబా చెప్పుకుపోయాడు.

జయంతి స్టవ్ ఆపేసింది. తనని ముందు ఒక్క మాటైనా అడగలేదేమని నెమ్మదిగా అడిగింది. ఇప్పుడు అడుగుతున్నానుగా అన్నాడతను.

ఆరేళ్ల కిందట వాళ్లు వేరే రాష్ట్రంలో, షాంటిలీ అనే ఊళ్లో ఉండేవారు. జయంతి అక్కడొక లా ఆఫీసులో పనిచేసేది. శశికాంత్‌కి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, ఈసారికి తన కోసం ఉద్యోగం వదిలెయ్యమని, పాప థర్డ్ గ్రేడ్‌కి వచ్చాక ఆమె చదువుకోవచ్చని, అప్పుడు ఎంత పెద్ద జాబ్ వచ్చినా ఊరు మారనని అతనే అన్నాడు. సాన్వి ఇప్పుడు థర్డ్ గ్రేడ్. ఆ సంగతి జయంతి గుర్తు చేసింది.

"అదేమైనా అగ్రిమెంటా? సైన్ చేశామా?" అన్నాడు శశికాంత్.

"సంతకం లేకపోయినా నోటిమాట చాలండీ. మీరు అడిగారు, నేను సరేనన్నాను, నా ఉద్యోగం వదిలేశాను."

"అయితే కోర్టుకెళ్తావా?" అని నవ్వబోయాడు.

"వెళ్తే నేనే ఓడిపోతాను. ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇచ్చిపుచ్చుకునే మాటల్ని కోర్టుకి ఈడ్చాలని ఎవరూ అనుకోరంటుంది చట్టం. అందుకే వాటి జోలికి రాదు. ఈ మాట నిలబెట్టమని మిమ్మల్ని అడగడానికి ఎవరూ లేరు. మీరు తప్ప."

నవ్వు మొహం మీదే ఆగిపోయింది. శశికాంత్ పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి అనురాధమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"చీటీ రాయించుకున్నవాళ్ల కంటే, నమ్మి ఊరికే వెళ్లిపోయినవాళ్ల సరుకే నేను ముందు పంపేదాన్ని శశీ. చీటీ ఉన్నవాడు వచ్చి నిలదీస్తాడు. నమ్మినవాడు అడగడు. మనమే గుర్తుపెట్టుకోవాలి."

షాంటిలీలో జయంతి ఆఖరి రోజు ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టెతో రావడం, దాన్ని విప్పకుండానే అల్మరాలో పెట్టేసి అతని చొక్కాలు సర్దడం మొదలుపెట్టడం ఆ రోజంతా అతని కళ్లలో మెదిలాయి. ఆ పెట్టెలో ఏముందని అప్పుడు అడగనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం జయంతి బట్టలు మడత పెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రానని సియాటిల్ వాళ్లకి రాసేశానని చెప్పాడు.

"నేను మర్చిపోలేదు జయంతీ. నువ్వు అడగవులే అనుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది."

తర్వాత బాధ అనిపించదా అని ఆమె అడిగింది.

"కొన్నాళ్లు ఉంటుంది. నీకు ఆరేళ్లు ఉంది కదా."

జయంతి చేతిలోని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. అతను లేచి వెళ్లలేదు. ఆమె కళ్లు తుడుచుకునేదాకా పక్కనే కూర్చుని, మిగిలిన బట్టలు వంకరటింకరగా మడతపెట్టాడు.

క్లాసులు మొదలైన రోజు శశికాంత్ ఐదింటికే ఇంటికొచ్చాడు. సాన్వి హోంవర్క్ తను చూస్తానని, హైవే మీద ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి త్వరగా బయల్దేరమని చెప్పాడు. అనురాధమ్మ గుమ్మం దాకా వచ్చి, ఈ రోజు పాఠం రేపు తనకి చెప్పాలని గుర్తుచేసింది.

క్లాసులో పాతికమంది ఉన్నారు. ప్రొఫెసర్ ఒక్కొక్కరినీ పేరు, చేసే పని చెప్పమన్నారు. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే పదమూడేళ్లుగా జయంతి చెప్పే జవాబులు రకరకాలు. తన వంతు రాగానే లేచి నిలబడింది.

"నా పేరు జయంతి. నేను లాయర్ని."