ఎంత తీసుకున్నాడు?

సంచిలో ముందు తువ్వాలు పెట్టింది అక్క. దాని మీద రెండు చొక్కాలు, చొక్కాల మడతలో సూదీ దారం ఉన్న అగ్గిపెట్టె, పక్కన సబ్బు పెట్టిన రేకు డబ్బా. అన్నిటికన్నా పైన సుద్దముక్కల పెట్టె. అందులో పన్నెండు ముక్కలు. పదకొండు మామూలు సుద్ద. పన్నెండోది లోపల గుల్ల.

"ఎన్నాళ్ళకి సర్దమంటావురా?"

"రెండు రోజులు చాలక్కా."

"రెండు రోజులని చెప్పి వెళ్ళేవాళ్ళని చూస్తేనే నాకు భయం," అని మూడో చొక్కా కూడా లోపలికి దూర్చింది.

తమ్ముడు నవ్వలేదు. కర్టెన్ ఓ పక్కకి బెత్తెడు జరిపి నాలుగో అంతస్తు నుంచి వీధిలోకి చూస్తున్నాడు. ఈ పరాయి దేశంలో అతను లెక్కల మాస్టారు. విదేశీయుల పిల్లలు చదివే బడిలో మూడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాడు. వీధిలో అందరూ మాస్టారనే అంటారు. స్వదేశంలో ఓ నంబరు లేని ఆఫీసులో మాత్రం అతను ఏజెంట్ నైన్. లెక్కల మాస్టారికి రెండు పాస్‌పోర్టులు ఎందుకని అక్క ఏనాడూ అడగలేదు. రెండిటికీ అట్టలు మాత్రం వేసి పెట్టింది.

పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. అవతల ఆ ఆఫీసు పెద్దాయన. స్కూల్ ఇన్‌స్పెక్టర్ గొంతు పెట్టి మాట్లాడాడు.

"మాస్టారూ, పదకొండు మంది పిల్లల మార్కుల జాబితా ఈరోజే పంపాలి. పన్నెండున్నర స్టీమర్‌కి."

పదకొండు మంది పిల్లలంటే ఆ నగరంలో మారుపేర్లతో బతుకుతున్న పదకొండు మంది మన మనుషులు. వాళ్ళ అసలు పేర్లూ చిరునామాలూ మైక్రోఫిల్మ్‌గా మారి ఆ గుల్ల సుద్దముక్కలో ఉన్నాయి. ఫిల్మ్ స్టీమర్ ఎక్కితే, రాత్రికల్లా పదకొండు మందినీ దేశం దాటించే ఏర్పాటు జరుగుతుంది. శత్రువుల చేతికి చిక్కితే, రాత్రికల్లా పదకొండు మందీ ఉండరు.

"ఇంకో మాట," అన్నాడు పెద్దాయన. "ఇంతకుముందు వేరే జాబితాలు పట్టుకుని బయల్దేరిన ముగ్గురు అబ్సెంట్. ముగ్గురూ టాక్సీ ఎక్కారు. దిగినట్టు చూసినవాళ్ళు లేరు. మీ వీధి మూల మీద ఎవరుంటారు?"

"ఓ ముసలి డ్రైవర్. ఎప్పుడూ అక్కడే ఉంటాడు."

"ఎప్పుడూ అక్కడే ఉండేవాణ్ణి నమ్మకు. మన నెమలి టాక్సీ మాట్లాడుకుని పదింటికి వస్తుంది. అందులోనే వెళ్ళు."

ఫోన్ పెట్టేసి మాస్టారు తన నోట్‌బుక్ తీశాడు. మూడో పేజీలో అప్పటికే ఓ ఎంట్రీ ఉంది. 'మూల మీది డ్రైవర్. ఎక్కడికని అడుగుతాడు. ఎక్కువ అడుగుతాడు. అనుమానితుడు.' చివరి మాట కింద గీత గీశాడు.

ఆ డ్రైవర్‌కి అక్క పెట్టిన పేరు గొణుగుడు. మీటర్ పాడైందంటాడు, పెట్రోలు మండిపోతోందంటాడు, వీధి వన్‌వే అంటాడు. పరాయి మొహం కనిపిస్తే చాలు, ఆ ఊళ్ళో ఏ టాక్సీవాడైనా మూడింతలు అడుగుతాడు. గొణుగుడు నాలుగింతలు అడుగుతాడు. అక్క కారు తలుపు పట్టుకుని పావుగంట బేరమాడుతుంది. చివరికి ఆ ఊరివాళ్ళు ఇచ్చేదానికి ఓ రెండు ఎక్కువ దగ్గర తెగుతుంది. ఈ మూడేళ్ళలో గొణుగుడు ఆమె దగ్గర తెలుగులో అంకెలు నేర్చుకున్నాడు. "కుదరదు" నేర్చుకున్నాడు. "అన్యాయం" నేర్చుకున్నాడు. ఇంటి ముందు దింపి పోతూ "వెళ్తా" అంటాడు.

"వెళ్తా అనకూడదయ్యా," అని ఆమె రోజూ దిద్దుతుంది. "వెళ్ళొస్తా అనాలి. ఏదీ, అను."

"వెళ్తా," అనేవాడు. మొండి మనిషి.

సరిగ్గా పదింటికి తలుపు చప్పుడైంది. రెండు సార్లు, ఆగి ఒకసారి.

"మీ ఇంట్లో నల్లబల్ల ఉందా?" అంది బయటి నుంచి ఓ ఆడగొంతు.

"ఉంది. సుద్దే లేదు," అన్నాడు మాస్టారు.

కోడ్ సరిపోయింది. నెమలి లోపలికి వచ్చింది. నీలం పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, గది నిండా పాకే సెంటు. టోపీల కంపెనీ ప్రతినిధిగా నాలుగు దేశాలు తిరిగిన మనిషి. ఆఫీసులో ఆమె ఫైలు మీద ఒక్క ఎర్ర గీత కూడా లేదు.

అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా అడిగేదే ఆమెనూ అడిగింది.

"టాక్సీలో వచ్చావా అమ్మాయ్? ఎంత తీసుకున్నాడు?"

"పన్నెండండీ," అంది నెమలి గ్లాసు అందుకుంటూ. "మీటర్ ఎంత చూపిస్తే అంతే తీసుకున్నాడు. మంచివాడు."

అక్క చెయ్యి గ్లాసు మీద ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తరవాత, "కాఫీ పెడతాను కూర్చో. ఒరేయ్, ఆ పై అరలో డబ్బా నాకు అందటం లేదు, ఇలా రా," అంటూ వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో గొంతు తగ్గించింది.

"ఆ పిల్ల టాక్సీలో రాలేదురా."

"కింద టాక్సీ ఉందక్కా. నేను చూశాను."

"ఉంటే ఉండనీ. డబ్బిచ్చి దిగిన మనిషి కాదు. ఈ మూడేళ్ళలో మన గుమ్మం ఎక్కినవాళ్ళు ఎంతమంది? ఒక్కరైనా డ్రైవర్‌ని తిట్టకుండా కూర్చున్నారా? నిన్న మీ బడి గుమాస్తా వచ్చి చెప్పులు కూడా విప్పకుండా తిట్టాడు. మన మొహాలకి ఈ ఊళ్ళో బేరం లేకుండా పన్నెండుకి ఎవడొస్తాడురా? పైగా మంచివాడట."

గూఢచారి శిక్షణలో మాస్టారికి అబద్ధాన్ని కళ్ళలో వెతకమని చెప్పారు, వేళ్ళలో వెతకమని చెప్పారు. టాక్సీ కిరాయిలో వెతకమని ఎవరూ చెప్పలేదు.

"కాఫీ పొడి తెస్తాను," అని హాల్లోకి వినపడేలా అని కిందికి దిగాడు.

గేటు ముందు టాక్సీ ఉంది. డ్రైవర్ కొత్త టోపీ పెట్టుకున్నాడు. గోళ్ళలో మరక లేదు, సీటు మీద చిరుగు లేదు.

"హార్బర్‌కి ఎంత?" అన్నాడు మాస్టారు.

"మీటర్ ప్రకారం సార్," అన్నాడు డ్రైవర్ మర్యాదగా. అడక్కుండానే తలుపు తీశాడు.

మాయమైన ఆ ముగ్గురికీ ఇలాగే తలుపు తెరుచుకుని ఉంటుంది.

"స్నేహితురాలు దిగాక వెళ్దాం," అని వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. టైము పదిన్నర దాటింది. నెమలి హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో ఉంది, కుడి చెయ్యి బ్యాగులో ఉంది. ఇంట్లో గొడవ జరిగితే తూటా అక్కకి తగలొచ్చు. ఫోన్ ఎత్తితే ఆమె వింటుంది. వంటింట్లోకి వెళ్ళి రెండు నిమిషాలు ఆలోచించాడు. అక్కడే మూల పెట్టిన సంచి విప్పి, సుద్దపెట్టెలోంచి పన్నెండో ముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

"అక్కా, సంచి గొణుగుడు బండిలో హార్బర్‌కి పంపుదాం. వీళ్ళకి కావలసింది నేను కాదు, జాబితా. సంచి వెంట పడతారు. నేను వెనక మెట్ల మీదుగా పోతాను."

"సంచి పట్టుకెళ్ళేవాడి సంగతేంటి?"

"వాడూ వీళ్ళ మనిషే అయ్యుంటాడు. దొంగ వెనక దొంగని పంపితే మనకేం పోతుంది?"

"వాడు దొంగ కాదురా. దొంగైతే మీటర్ వేసేవాడు."

"అక్కా," అన్నాడు మాస్టారు. "పదకొండు మంది."

ఆమె కుళాయి కట్టేసింది. సంచి భుజాన వేసుకుంది.

హాల్లో మాస్టారు నెమలికి చెప్పాడు. "ప్లాన్ మారింది. మనిషీ జాబితా ఒకే బండిలో ఉండకూడదని ఆర్డర్. సంచి మూల మీది టాక్సీలో పోతుంది. నువ్వు నీ టాక్సీలో దాని వెనకే ఉండు. నేను ట్రామ్‌లో వస్తాను."

"జాబితా సంచిలోనే ఉందా?"

"సుద్దపెట్టెలో."

"అలాగే," అంది నెమలి. ఎందుకని కూడా అడగలేదు. లేచి నిలబడింది. కాఫీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూల మీద గొణుగుడు బానెట్‌కి ఆనుకుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. సంచిని చూడగానే నిటారుగా నిలబడ్డాడు.

"హార్బర్‌కా? నలభై," అన్నాడు తెలుగులో.

"సంచి ఒక్కటే. స్టీమర్ దగ్గర దింపాలి."

"నలభై."

"సరే," అంది అక్క.

గొణుగుడు సంచి అందుకుని ఆగాడు. ఆమె మొహంలోకి చూశాడు. తరవాత అతని చూపు ఆమె భుజం మీదుగా వెళ్ళి, గేటు ముందున్న కొత్త టోపీ దగ్గరా, అప్పుడే మెట్లు దిగుతున్న నీలం స్కార్ఫ్ దగ్గరా ఆగింది.

"ఏం అమ్మా, తిట్టలేదే?" అన్నాడు మెల్లగా, తన భాషలో. "ఆ బండి మా స్టాండ్‌ది కాదు. వచ్చినప్పట్నుంచీ ఇద్దరు ఎక్కబోతే వద్దన్నాడు. టాక్సీవాడు మనిషిని వద్దంటాడా?"

మూడేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగింది అక్క. "నీకు పెళ్ళాం పిల్లలు ఉన్నారా?"

"ఉంటే రోజూ పావుగంట నీతో పోట్లాడటానికి ఓపిక ఉండేదా?"

"వద్దులే. సంచి ఇటివ్వు," అంది. చెయ్యి కూడా చాపింది.

గొణుగుడు ఇవ్వలేదు. ఒక్కసారిగా గొంతు పెంచి, వీధంతా వినపడేలా, "నలభైకి తక్కువ కుదరదు. అన్యాయం," అని అరిచాడు. గొంతు తగ్గించి, "ఊఁ, బేరమాడు. వాళ్ళు చూస్తున్నారు," అన్నాడు.

"పది," అంది అక్క.

"ముప్ఫై. పెట్రోలు మండిపోతోంది."

"పది. నీ బండికి మీటర్ లేదు, హారన్ లేదు, సిగ్గు లేదు."

"ఇరవై."

"పన్నెండు. ఆపైన ఒక్కటి కూడా ఇవ్వను."

"ఎక్కించు," అన్నాడు గొణుగుడు. సంచిని వెనక సీట్లో కాకుండా ముందు సీట్లో, తన పక్కన, మనిషిని కూర్చోబెట్టినట్టు పెట్టుకున్నాడు. ఇంజను మూడు సార్లు దగ్గి అందుకుంది. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"వెళ్ళొస్తా," అన్నాడు.

మొదటిసారి తప్పు లేకుండా అన్నాడు. బడి గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. అతని వెనకే కొత్త టాక్సీ కదిలింది, మీటర్ తిరుగుతూ.

ఆ సమయానికి వెనక మెట్ల మీదుగా సున్నం మరకల చొక్కా వేసుకున్న ఓ పెయింటర్ దిగాడు. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో బ్రష్. చెవి మీద, అందరికీ కనపడేలా, ఓ సుద్దముక్క. ట్రామ్‌లో కండక్టర్ అతన్ని బట్టలు తగలకుండా దూరంగా నిలబడమన్నాడు. అడ్డం వచ్చిన లారీ ఒకటి పావుగంట కదల్లేదు. మాస్టారు బకెట్ ట్రామ్‌లోనే వదిలి పరుగెత్తాడు.

అతను రేవు చేరేసరికి నిచ్చెన పైకి లేచిపోయింది. స్టీమరుకీ గట్టుకీ మధ్య రెండు బారల నీళ్ళు.

"మీ ఓడలో నల్లబల్ల ఉందా?" అని కేక వేశాడు మాస్టారు.

రెయిలింగ్ దగ్గర తెల్ల యూనిఫామ్‌లో ఉన్న స్టోర్స్ ఆఫీసర్ వెనక్కి తిరిగాడు. "ఉంది. సుద్దే లేదు."

సుద్దముక్క గాల్లో తిరుగుతూ వెళ్ళింది. ఆఫీసర్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. హార్బర్ గడియారం పన్నెండున్నర గంట కొట్టింది.

మరో పది నిమిషాలకి కొత్త టాక్సీ రేవు గేటు దగ్గర ఆగింది. ముందు బంపర్ వంగిపోయి ఉంది. దిగిన మనిషి చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. నల్ల కళ్ళద్దాల మీదా, నీలం స్కార్ఫ్ మీదా సుద్దపొడి. పదకొండు ముక్కలూ విరగ్గొట్టి చూసిందన్నమాట. సంచి దొంగలొస్తున్నారని మాస్టారు రేవు ఆఫీసు నుంచి ఫోన్ చేసి పిలిపించిన ఇద్దరు పోలీసులకి ఆనవాలు చెప్పాల్సిన పని కూడా పడలేదు.

"నా తప్పు ఎక్కడ జరిగింది, మాస్టారూ?" అంది నెమలి సంకెళ్ళ చేతులు దులుపుకుంటూ.

"టాక్సీవాణ్ణి మంచివాడన్నావు."

ఆమె నవ్వింది.

"ముసలాయన ఏడి?" అన్నాడు మాస్టారు.

నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు వంగిన బంపర్ మీదికి వెళ్ళింది. కొత్త టోపీ డ్రైవర్ నేల చూపులు చూశాడు.

ఆ రాత్రి పదకొండు మందీ దేశం దాటారు. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. పెద్దాయన మొదటిసారి స్కూల్ ఇన్‌స్పెక్టర్ గొంతు మర్చిపోయి తన గొంతుతోనే మెచ్చుకున్నాడు. మీ అక్కగారికి ఆఫీసులో ఉద్యోగం ఇవ్వొచ్చన్నాడు. తరవాత అడిగాడు, "నీ అనుమానితుల జాబితాలో ఇంకా ఎవరున్నారు?"

మాస్టారు నోట్‌బుక్ మూడో పేజీ తెరిచాడు. చదవలేదు.

అక్క బడికి వెళ్ళిన మనిషి కాదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద కూడబలుక్కుని తనకు తానే చదవటం నేర్చుకుంది. అతని భుజం పక్క నుంచి ఆ పేజీ చదివింది. కలం అందుకుని 'అనుమానితుడు' అన్న మాటని అడ్డంగా కొట్టేసింది. కింద గుండ్రటి అక్షరాలతో రాసింది.

'గొణుగుడు. గురువారం పగలు పదకొండూ ఇరవైకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.'